పాటల పోటీ మార్కుల షీటులో "ప్రెజెంటేషన్"కు 25 మార్కులు ఉండాలా? గొంతు, రూపం, టీవీ పోటీల మీద చర్చ

కోర్లగుంట_కుర్రోడు

అందరికీ నమస్కారం. దసరాకు తిరుపతిలో మా వీధి కమిటీ పాటల పోటీ పెడతా ఉండాది. 12 నుంచి 20 ఏళ్ళ పిల్లోళ్ళు, 40 మంది దాకా పేర్లిచ్చినారు. ఫైనల్ లోకల్ కేబుల్లో లైవ్. మార్కుల షీటు టీవీ పోటీల మాదిరి రాసినారు: గొంతు 40, శ్రుతి-లయ 35, ప్రెజెంటేషన్ 25. ఈ చివరి దాని దగ్గరే గొడవ. "టీవీలో అగుపించేటప్పుడు మనిషి కూడా బాగుండాల కదా" అని కొందరు, "మార్కులు పాటకా, పట్టులంగాకా" అని కొందరు. ఆ 25 ఉంచాలా, తీసేయాలా? ఉంచితే దేన్ని చూసి వేయాల?

శ్రుతిపెట్టె

తీసేయండి. ఆ గడిలో ఏం చూడాలో ఎవరికీ తెలియదు. ఒక జడ్జి నవ్వుకు వేస్తారు, ఒకరు బట్టలకు, ఇంకొకరు ఒంటి రంగుకు. మూడు వేర్వేరు విషయాలకు వేసిన మార్కులు ఒకే గడిలో కూడితే, ఓడిన బిడ్డకు ఎందుకు ఓడిందో మీరు చెప్పలేరు.

"గొంతు 40" కూడా సరిగా లేదు. గొంతు కమ్మగా ఉండటం పుట్టుకతో వచ్చేది, పాడటం నేర్చుకుంటే వచ్చేది. పోటీ రెండో దానికి. ఇట్లా మార్చి చూడండి: శ్రుతి 30, లయ 20, ఉచ్చారణ 20, భావం 20, ఊపిరి వాడకం 10.

ప్రతి గడి కింద ఎక్కడ మార్కు కోయాలో ఒక వాక్యం రాసి పెట్టండి. శ్రుతికి మూడు చోట్లు చూస్తే చాలు: పల్లవి మొదటి స్వరం నేరుగా అందుకున్నారా, పై స్థాయిలో ఎక్కువసేపు నిలిపినప్పుడు స్వరం కిందికి జారిందా, చరణం ముగించి పల్లవికి తిరిగొచ్చినప్పుడు మళ్ళీ షడ్జం (స) మీదికే వచ్చారా. మూడోది చాలామంది జడ్జీలు వదిలేస్తారు. కారియోకే ట్రాక్ (గొంతు లేని వాయిద్యాల రికార్డు) తీసేసి పాడిస్తే అసలు రంగు అక్కడే బయటపడుతుంది. లయకు, మధ్య సంగీతం అయ్యాక చరణం ఎత్తుకునే చోటు చూడండి, తొందరపడేది అక్కడే. ఉచ్చారణకు ళ-ల, ణ-న, శ-ష-స, ఒత్తులు. సినిమా పాట వేగంలో "ణ" అంతా "న" అయిపోతుంది.

ఇంకొక మాట. 13-15 ఏళ్ళ మగపిల్లలకు గొంతు మారుతూ ఉంటుంది. సినిమాలో పాడిన శ్రుతిలోనే పాడాలని పట్టుబట్టకండి. ఎవరి శ్రుతి వాళ్ళు ఎంచుకోనివ్వండి. ట్రాక్‌ను ఫోన్ యాప్‌లో రెండు సెమిటోన్ల (అర స్వరాల) వరకు దించినా పెంచినా పరవాలేదు, అంతకు మించితే వాయిద్యాల ధ్వని చెడుతుంది. అప్పుడు శ్రుతిపెట్టె యాప్ పెట్టుకుని పాడటమే మేలు.

తిలక్_రోడ్_రసికుడు

శ్రుతిపెట్టె గారితో సగమే ఏకీభవిస్తాను. టీవీ అనేది చూసే సాధనం. వినడమొక్కటే ముఖ్యమైతే రేడియో చాలు. మన సంప్రదాయంలో కూడా హరికథ చెప్పేవాళ్ళకు ఆహార్యం (వేషం), అభినయం రెండూ పాటలో భాగమే. వేదిక మీద బిగుసుకుపోయి, నేల చూపులు చూస్తూ పాడే బిడ్డకు, ఎదురుగా ఉన్నవాళ్ళ కళ్ళలోకి చూసి పాడే బిడ్డకు ఒకే మార్కు ఎట్లా వేస్తాం?

చిత్తూరు_మాష్టారు

రసికుడు గారూ, మీరు అభినయం అంటున్నారు. కమిటీవాళ్ళు రూపం అంటున్నారు. రెంటినీ ఒకే గడిలో వేయడమే చిక్కు. అభినయం నేర్పొచ్చు. ముక్కు తీరు, ఒంటి రంగు, లావు-సన్నం నేర్పేవి కావు. వాటికి మార్కు వేయడం అన్యాయం.

మా చిత్తూరులో నాగయ్య కళాక్షేత్రం ఉంది. చిత్తూరు నాగయ్య గారు తానే పాడి తానే నటించిన తరానికి చెందినవారు. ఆ రోజుల్లో గొంతు, ముఖం ఒకే మనిషికి ఉండాల్సి వచ్చేది. నేపథ్య గానం స్థిరపడ్డాక ఆ బంధం తెగింది. సుశీల, జానకి గార్ల గొంతులు ఇంటింటికీ వెళ్ళాయి, ముఖాలు మాత్రం చాలామందికి ఏళ్ళ తరబడి తెలియవు. తెలుగు సినిమా పాటకు అది పెద్ద మేలు చేసింది. టీవీ పోటీ వచ్చి ఆ తెంచిన బంధాన్ని మళ్ళీ ముడివేసింది.

అయినా అన్ని పోటీలూ ఒకటి కావు. 1996లో ఈటీవీలో మొదలైన "పాడుతా తీయగా"లో బాలసుబ్రహ్మణ్యం గారు రాసినవారి పేరు, స్వరపరచినవారి పేరు అడిగేవారు, మాట విరిచిన చోట ఆపి దిద్దేవారు. ఉష, మల్లికార్జున్, గోపికా పూర్ణిమ లాంటి గాయకులు ఆ వేదిక మీద పాడి వచ్చినవారే. చూసేవాళ్ళ చెవిని కూడా ఆ దిద్దుబాటు తయారుచేసింది. జడ్జి పాట గురించి ఏం మాట్లాడితే ప్రేక్షకుడు అదే వెతుకుతాడు. మీ జడ్జీలు "ఈ రోజు నువ్వు భలే ఉన్నావమ్మా" అని మొదలుపెడితే హాలంతా లంగానే చూస్తుంది.

కంటి పెత్తనం ఎంతటిదో 2013లో చియా జుంగ్ త్సాయ్ అనే పరిశోధకురాలు పరీక్షించి చూపించింది. అంతర్జాతీయ శాస్త్రీయ సంగీత పోటీల్లో ఫైనల్‌కు చేరిన ముగ్గురి వీడియోల్లో ముక్కలు తీసుకుని కొందరికి ధ్వని మాత్రమే వినిపించింది, కొందరికి ధ్వని లేని వీడియో మాత్రమే చూపించింది. ఎవరు గెలిచారో చెప్పమంటే, విన్నవాళ్ళు గుడ్డిగా చెప్పినా వచ్చే మూడింట ఒక వంతు కూడా దాటలేదు. మూగ వీడియో చూసినవాళ్ళలో సుమారు సగం మంది సరిగ్గా చెప్పారు. సంగీతంలో ఆరితేరినవాళ్ళదీ ఇదే వరస.

శ్రుతిపెట్టె

మాష్టారు గారూ, ఆ పరిశోధనకు ఒక హద్దు ఉంది. అక్కడ పోల్చింది ఫైనల్‌కు చేరిన ముగ్గురిని. ముగ్గురూ సమ ఉజ్జీలే. చెవికి తేడా దొరకని చోట కన్ను తీర్పు చెబుతుంది. శ్రుతి తప్పే పిల్లకూ, నిలబెట్టే పిల్లకూ మధ్య అంత మోసం జరగదు. అందుకే రూపం బెడద మొదటి రౌండ్లలో కన్నా ఫైనల్‌లో ఎక్కువ. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

కోర్లగుంట_కుర్రోడు

అట్లయితే తెర కట్టి పాడించొచ్చా? "ది వాయిస్" టీవీ పోటీలో జడ్జీలు వెనక్కి తిరిగి కూర్చుంటారు కదా, ఆ మాదిరి.

మిక్సర్_రేణిగుంట

"ది వాయిస్" 2010లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. కుర్చీలు వెనక్కి తిరిగేది తొలి రౌండ్‌కే. ఆ తర్వాత అన్ని రౌండ్లూ ముఖం చూసే జరుగుతాయి, చివర్న జనం ఓటు. అంటే రూపాన్ని గుమ్మం దగ్గర ఆపి, లోపలికి వెళ్ళాక వదిలేసినట్టు. మీరు తెర కడితే సెమీఫైనల్ దాకా కట్టండి.

తెర పద్ధతి అమెరికా ఆర్కెస్ట్రాల్లో బాగా నలిగింది. 1970, 80ల్లో వాద్యకారుల ఎంపికకు చాలా ఆర్కెస్ట్రాలు తెర వాడటం మొదలుపెట్టాయి. అడుగుల చప్పుడుతో ఆడా మగా తెలిసిపోతుందని కొన్నిచోట్ల తివాచీ కూడా పరిచారు. మనకు అంతకంటే పెద్ద చిక్కులున్నాయి: కాలి పట్టీలు, గాజులు. పట్టీల చప్పుడు మైకులో స్పష్టంగా వస్తుంది. నడిచే దారి పొడుగునా చాప పరచండి, పాడేటప్పుడు మైకు పట్టే చేతికి గాజులు తీయించండి.

గుడ్డ తెర కన్నా మేలైనది, జడ్జీలను పక్క గదిలో కూర్చోబెట్టడం. తెర వెనక దీపం ఉంటే నీడ పడుతుంది, నీడలో జడ, లావు, పొడుగు అన్నీ తెలుస్తాయి. పక్క గదిలో ఒక మంచి స్పీకరు, మిక్సర్ నుంచి ఒక కేబుల్, అంతే. అనౌన్సరు పేరు, బడి, ఊరు చెప్పకూడదు. "17వ నంబరు" అనాలి. పాడేవాళ్ళు "నా పేరు" అని మొదలుపెట్టకుండా ముందే చెప్పండి. అలవాటుగా అనేస్తారు, అందుకని మైకును పాట మొదలయ్యాకే ఆన్ చేయండి.

ధ్వని విషయంలో:

ఎకో ఆపేయండి. మన వేదికల మీద ఎకో దండిగా పెడతారు. శ్రుతి రవ్వంత జారినా ఎకో కప్పేస్తుంది. జనానికి వినిపించే స్పీకర్లకు పెట్టుకోండి, జడ్జీల గదికి పొడి గొంతే పంపండి. మిక్సర్‌లో దానికి వేరే ఆక్స్ లైను (ధ్వనిని విడిగా బయటికి పంపే దారి) ఉంటుంది.

బేస్, ట్రెబుల్ అందరికీ ఒకే మాదిరి పెట్టి టేపు అంటించేయండి. తెలిసిన పిల్ల వచ్చినప్పుడు ఆపరేటరు చెయ్యి ఊరుకోదు.

బ్లూటూత్ స్పీకరు వద్దే వద్దు. మైకు గొంతు ఆ దారిన పోతే ఆలస్యంగా తిరిగి చెవిన పడుతుంది, పిల్లలు తడబడి లయ తప్పుతారు. తప్పు పరికరానిది, మార్కు పోయేది పిల్లలకు.

మైకు నోటికి రెండు వేళ్ళ దూరం, కాస్త ఏటవాలుగా. మరీ ఆనించి పాడితే గొంతు బరువుగా వస్తుంది, ప, బ, ఫ అక్షరాల దగ్గర "డబ్" మంటుంది. పై స్థాయికి పోయేటప్పుడు జానెడు దూరం జరపాలి. జాలీని గుప్పెట్లో మూసి పట్టుకుంటే కూత వస్తుంది. టీవీలో ర్యాప్ పాడేవాళ్ళను చూసి పిల్లలు ఇది నేర్చుకుంటున్నారు. తెర వెనక కూడా ఈ మైకు అలవాటు వినబడుతుంది కాబట్టి దీనికి మార్కు వేయొచ్చు.

టీవీలో విన్నదాన్ని కొలబద్దగా పెట్టుకోకండి. అక్కడ గొంతు, వాయిద్యాలు వేర్వేరు ట్రాకుల్లో రికార్డవుతాయి, తర్వాత మిక్సింగు ఉంటుంది. శ్రుతి దిద్దే ఆటో-ట్యూన్ 1997 నుంచి మార్కెట్లో ఉంది. రికార్డు చేసి వేసే ఏ కార్యక్రమంలోనైనా సెట్‌లో జడ్జి విన్న పాట, ఇంట్లో మనం విన్న పాట ఒకటే అయ్యుండాలని లేదు. "అంత బాగా పాడింది కదా, జడ్జి ఎందుకట్లా అన్నాడు" అనిపిస్తే ఒక కారణం ఇది కావచ్చు.

పద్మావతిపురం_అమ్మ

నా బిడ్డ ఈ పోటీకి పేరిచ్చింది. చామనచాయ. "ఫైనల్‌కు వస్తే కెమెరాకు నల్లగా అగుపిస్తుంది, మేకప్ గట్టిగా వేయించండి" అని ఒకరు చెప్పినారు. ఏం చేయాలి? బట్టలు ఎలాంటివి వేయాలి?

వేదిక_వెనక

అక్కా, ముందు ఇది తెలుసుకోండి. కెమెరాలో నల్లగా రావడం బిడ్డ తప్పు కాదు, దీపాలు పెట్టినవాళ్ళ తప్పు. వేదిక వెనక ఎల్‌ఈడీ గోడ తెల్లగా వెలుగుతూ ఉంటుంది. కెమెరా ఆటోలో ఉంటే ఆ వెలుగును చూసి మొత్తం చిత్రాన్ని చీకటి చేస్తుంది. ముఖం మసిబారినట్టు వస్తుంది. తెల్లగా ఉన్న పిల్ల ఆ లోటును కొంత తట్టుకుంటుంది, చామనచాయ పిల్ల తట్టుకోలేదు. అప్పుడు "తెర మీద బాగాలేదు" అంటారు.

కమిటీవాళ్ళు చేయాల్సింది: ఎల్‌ఈడీ గోడ వెలుగు బాగా తగ్గించడం, ముందు నుంచి 45 డిగ్రీల కోణంలో కంటికి కొంచెం పైన ఒక మెత్తటి లైటు పెట్టడం, కెమెరాను మాన్యువల్‌లో పెట్టి వెలుగును ముఖం చూసి సెట్ చేయడం. ఒకరికొకరికి మధ్య మళ్ళీ సరిచూడాలి, మొదటి పిల్లకు పెట్టింది 40 మందికీ సరిపోదు. దీపాలు మిణుకుమిణుకుమంటే షట్టర్ 1/50కి మార్చమనండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

మేకప్ గట్టిగా వద్దు. ఫౌండేషన్ రంగు మణికట్టు మీద చూసి కొంటారు, అది తప్పు. దవడ ఎముక మీద రాసి, పగటి వెలుగులో మెడతో కలిసిందా చూడాలి. రెండు షేడ్లు తెల్లది వేస్తే తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో ముఖం బూడిద రంగుకు తిరుగుతుంది, మెడ, చెవులు వేరే మనిషివి మాదిరి ఉంటాయి. సొంత రంగుది పలచగా, చెమట కోసం పౌడరు, కళ్ళకు కాటుక, చాలు.

బట్టలకు: సన్న గళ్ళు, సన్న చారలు వద్దు, తెర మీద అలలు తిరుగుతాయి. స్వచ్ఛమైన తెలుపు వద్దు. నిండు రంగు, చిన్న జరీ అంచు మంచిది. ముఖ్యమైనది నడుము. వడ్డాణం గానీ బిగుతు జాకెట్టు గానీ ఉంటే పక్కటెముకలు విచ్చుకోవు, ఊపిరి పైపైనే అందుతుంది, పొడుగ్గా లాగి పాడాల్సిన చోటు మధ్యలో తెగుతుంది. నడుము దగ్గర నాలుగు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి. పెద్ద బుట్టకమ్మలు మైకుకు తగులుతాయి. కొత్త హైహీల్స్ వేసుకుని పాడితే మోకాళ్ళు, నడుము బిగుసుకుంటాయి, అది గొంతులో వినిపిస్తుంది. ఏ బట్టలైనా వేసుకుని పాట మొత్తం నిలబడి రెండుసార్లు ఇంట్లో పాడించండి.

శ్రుతిపెట్టె

వేదిక_వెనక గారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. "నవ్వుతూ పాడు" అని పిల్లలకు అందరూ చెబుతారు. నవ్వితే పెదాలు పక్కలకు సాగుతాయి. ఉ, ఊ, ఒ, ఓ పలకడానికి పెదాలు గుండ్రంగా ముందుకు రావాలి. సాగిన పెదాలతో "ఓ" పలికితే దాని గుండ్రదనం పోతుంది, ధ్వని పలచబడుతుంది. అన్నమయ్య కీర్తనల్లో పదం చివర "ము", "ను" లాంటి ఉకారాలు ఎక్కువ. నవ్వు మొహంతో పాడితే అవన్నీ పోతాయి. కళ్ళతో నవ్వమని చెప్పండి, నోరు పాటకు వదిలేయండి. ఉచ్చారణలో మార్కు పోయేది చాలాసార్లు ఈ నవ్వు వల్లే.

ఇంట్లో సాధనకు ఒక పద్ధతి. ఫోన్‌లో వీడియో తీయండి. మొదటిసారి తెర బోర్లించి విని శ్రుతి తప్పులు రాసుకోండి. రెండోసారి ధ్వని ఆపి చూసి, కనుబొమలు ముడిపడే చోటు, కళ్ళు మూసుకునే చోటు, తొడ మీద తాళం వేసే చోటు రాసుకోండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే సాధారణంగా ఒకే చోట రెండు గుర్తులూ ఉంటాయి. అక్కడ పాట కష్టంగా ఉందన్నమాట. ముఖాన్ని దిద్దకండి, ఆ స్వరాన్ని సాధన చేయించండి, ముఖం దానంతటదే సర్దుకుంటుంది.

తిలక్_రోడ్_రసికుడు

ఇది ఒప్పుకుంటాను. అయితే నాదొక ప్రతిపాదన. సెమీఫైనల్ దాకా పక్క గది పద్ధతి. ఫైనల్‌లో మాత్రం "వేదిక నడవడి" అని 10 మార్కులు: మైకు పట్టడం, సభ వైపు చూడటం, మధ్య సంగీతం వచ్చినప్పుడు ఏం చేయాలో తెలియక నిలబడిపోకుండా పాటలోనే ఉండటం, తప్పు జరిగితే ఆగకుండా కొనసాగించడం. బట్టలు, రూపం ప్రస్తావన లేదని షీటు మీదే రాసేయాలి.

చిత్తూరు_మాష్టారు

అది న్యాయం. భావానికి ఉన్న 20లో నుంచి 10 తీసి దానికి ఇవ్వండి, మొత్తం 100 మారదు. ఆ 10 మార్కులు పాట అయిన వెంటనే వేయకూడదు. ముందు మిగతా గడులు నింపి, వలంటీరుకు ఇచ్చేశాక, వేరే కాగితం మీద ఇవి వేయాలి. ఒకే కాగితం మీద ఉంటే నచ్చిన ముఖానికి శ్రుతి మార్కు కూడా పెరుగుతుంది.

ఎవరు ముందు, ఎవరు తర్వాత పాడాలనే వరస విషయం కూడా తేలిక కాదు. బెల్జియంలో క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీలో ఫైనల్ వరస చీటీ వేసి తీస్తారు, చివరి 12 మంది రోజుకు ఇద్దరు చొప్పున వాయిస్తారు. 1996లో వచ్చిన ఒక అధ్యయనం ఆ ఫలితాలు లెక్కగడితే, మొదటి రోజు వాయించినవాళ్ళకు కింది స్థానాలు వచ్చే పోకడ కనబడింది. మన జడ్జీలు కూడా మొదటి ముగ్గురికి చెయ్యి బిగించి వేస్తారు. పోటీలో లేని ఒకరిచేత ముందు పాడించి, అందరూ మార్కులు వేసి, ఆ మార్కులు చర్చించుకుని చేయి సర్దుకోవాలి. తర్వాతే ఒకటో నంబరు.

అయిదుగురు జడ్జీలుంటే పై మార్కు, కింది మార్కు తీసేసి మిగతా మూడు కూడండి. ముగ్గురే ఉంటే మార్కులు కాకుండా ర్యాంకులు కూడండి. అందరికీ 80 పైనే వేసే జడ్జి, 60 దాటని జడ్జి ఒకే షీటులో ఉంటే రెండోవారి మాట ఎక్కువ చెల్లుబాటవుతుంది, వారి మార్కుల మధ్య ఎడం ఎక్కువైతే. తిరుపతిలో పాట నేర్పేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు ఒకరికొకరు తెలిసినవాళ్ళే. పక్క గదిలో ఉన్నా శిష్యురాలి గొంతు గురువుకు తెలిసిపోతుంది. అప్పుడు ఆ జడ్జి ఆ నంబరుకు మార్కు వేయకుండా గీత పెట్టాలి, మిగతావాళ్ళ సగటు తీసుకోవాలి.

కోర్లగుంట_కుర్రోడు

జనం ఓటు కూడా పెట్టాలంటా ఉండారు. యూట్యూబ్ లైకులు లెక్కబెడదాం అని.

మిక్సర్_రేణిగుంట

లైకులు వద్దు. బంధుబలగం లెక్క అవుతుంది. పెద్ద పోటీల్లోనే ఓటు పాటకొక్కదానికే పడదు, ఊరికీ రాష్ట్రానికీ కూడా పడుతుంది. ఇండియన్ ఐడల్‌లో 2010లో శ్రీరామచంద్ర, 2017లో రేవంత్ గెలిచినప్పుడు తెలుగునాట ఎంత ఉత్సాహంగా ఓట్లు వేశారో అందరూ చూశారు. ఇద్దరూ గట్టి గాయకులే. అభిమానం గొంతుకు తోడైంది. గొంతు లేని చోట కూడా అదే అభిమానం అంతే పని చేస్తుంది, భయం అక్కడ.

జనాన్ని కలుపుకోవాలంటే హాలులో మనిషికొక చీటీ ఇవ్వండి, దాని మీద ఒక నంబరు కాదు, మూడు నంబర్లు రాయాలి. తమ బిడ్డకు ఒకటి రాసినా మిగతా రెండు నిజంగా నచ్చినవాళ్ళకే రాస్తారు. మూడు లేని చీటీ చెల్లదు. దాన్ని మార్కుల్లో కలపకుండా "ప్రేక్షకుల బహుమతి" అని వేరుగా ఇవ్వండి.

వేదిక_వెనక

కేబుల్ కెమెరావాళ్ళకు కూడా ఒక మాట చెప్పండి. పాడే బిడ్డ బక్కగానో, నల్లగానో, పాత బట్టల్లోనో వస్తే వెంటనే సభలో ముఖం చిట్లించినవాళ్ళ మీదికి కెమెరా తిప్పడం, పాట బాగుంటే ఆశ్చర్యపోయిన ముఖాలు చూపించడం టీవీలో అలవాటైపోయింది. 2009లో బ్రిటన్ టీవీ పోటీలో సూసన్ బాయిల్ అనే ఆవిడ పాట ప్రపంచమంతా తిరిగింది. దాంట్లో సగం ఈ ముఖాల ఎడిటింగే. "ఈ రూపానికి ఇంత గొంతా" అని మెచ్చుకోవడం కూడా రూపాన్ని చూసి వేసిన మార్కే. 14 ఏళ్ళ బిడ్డ మీద ఆ షాట్లు వద్దు. పాట జరుగుతున్నంతసేపు కెమెరా పాడేవాళ్ళ మీద, వాయించేవాళ్ళ మీద ఉంటే చాలు.

పద్మావతిపురం_అమ్మ

చాలా థ్యాంక్స్. వడ్డాణం సంగతి ఎవరూ చెప్పలేదు. నిన్న పాడించినప్పుడు రెండో చరణంలో ఊపిరి తెగుతా ఉంటే గొంతు బాగాలేదేమో అనుకున్నాము.

కోర్లగుంట_కుర్రోడు

కమిటీకి చూపించినాను. ప్రెజెంటేషన్ గడి తీసేశారు. శ్రుతి 30, లయ 20, ఉచ్చారణ 20, భావం 10, ఊపిరి 10, ఫైనల్‌లో వేరే కాగితం మీద వేదిక నడవడి 10. సెమీస్ దాకా ఆ 10 ఉండదు, 90కే. జడ్జీలు అయిదుగురు. పక్క గది వేదికకు 25 మీటర్ల దూరంలో ఉండాది. మిక్సర్ అన్నా, కేబుల్ అంత దూరం పోతే గొంతు తగ్గుతుందా?

మిక్సర్_రేణిగుంట

ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్, రెండు వైపులా మూడు పిన్నులున్నది వాడితే 25 మీటర్లకు ఏమీ కాదు. మామూలు రెండు పిన్నుల ఆడియో వైరు వాడితే బుయ్ మని కరెంటు రొద వస్తుంది. కరెంటు వైర్ల పక్కన వేయొద్దు, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. గుమ్మం దగ్గర తొక్కకుండా టేపు వేయండి. ఉదయం ఒక పాట ప్లే చేసి, పక్క గదిలో ఎవరినైనా కూర్చోబెట్టి ళ, ణ తేడా తెలుస్తోందా అడగండి. తెలియకపోతే స్పీకర్‌ను గోడ మూల నుంచి ఒక మీటరు ముందుకు జరపండి.